టపాల నుంచి పుస్తకం దాకా: నా అనుభవం

బ్లాగులో బాగా రాసేవాళ్ళు ఎప్పుడో ఒకప్పుడు వినే మాట "వీటిని పుస్తకంగా వెయ్యొచ్చుగా" అన్నది. మెచ్చుకోలుగా అన్న మాటే, కానీ టపాలన్నీ (బ్లాగులో ఒక్కో రాతనీ టపా అంటారు) వరసగా పేర్చి అట్ట వేస్తే పుస్తకం అయిపోతుందన్న భ్రమ అందులో ఉంది. బ్లాగులో టపా ఎప్పుడూ ఒంటరిగా ఉండదు. పైన తేదీ ఉంటుంది, మధ్యలో లింకులుంటాయి, కింద వ్యాఖ్యలుంటాయి, పోయినసారి రాసింది గుర్తుపెట్టుకుని వచ్చే చదువరి ఉంటాడు. అచ్చులో ఈ ఊతాలేవీ ఉండవు. కాబట్టి తేల్చుకోవాల్సింది టపా బాగుందా లేదా అని కాదు, ఊతం తీసేశాక నిలబడుతుందా అని. నా టపాలను అచ్చుకు తయారుచేసినప్పుడు చేసిన ప్రతి పనీ చివరికి ఈ ప్రశ్న దగ్గరికే వచ్చింది.

మొదటి పని బ్యాకప్. వర్డ్‌ప్రెస్‌లో అయితే టూల్స్ మెనూలో ఎక్స్‌పోర్ట్ ఉంటుంది, బ్లాగర్‌లోనూ అలాంటి సదుపాయం ఉంది. చేతికి వచ్చేది సాధారణంగా ఎక్స్‌ఎంఎల్ ఫైలు, అంటే పాఠమంతా గుర్తులతో సహా ఉండే ఫైలు. అందులో టపాలు, వ్యాఖ్యలు, తేదీలు, లేబుళ్ళు ఉంటాయి, బొమ్మలు మాత్రం ఉండవు. బొమ్మలున్న చోట వాటి వెబ్ చిరునామాలే ఉంటాయి. ఫైలు దిగింది కదా అని బ్లాగు మూసేస్తే బొమ్మలన్నీ పోయినట్టే. వాటిని విడిగా దించుకుని, ఏది ఏ టపాదో తెలిసేలా పేర్లు పెట్టుకోవాలి. పుస్తకం వేసినా వెయ్యకపోయినా ఈ పని చెయ్యాల్సిందే. ఒకప్పుడు లక్షల సొంత పేజీలున్న జియోసిటీస్‌ను యాహూ 2009 అక్టోబరులో మూసేసింది. ఎవరో ఇచ్చిన చోట రాసుకునేవాళ్ళు ఆ సంగతి మరిచిపోకూడదు.

తరవాత ఒక పట్టిక. టపాకి ఒక వరస చొప్పున శీర్షిక, తేదీ, మాటల సంఖ్య, విషయం, ఎన్ని లింకులు, ఎన్ని బొమ్మలు, అవి ఎవరివి, ఇంకో టపా చదివి ఉంటేనే అర్థమవుతుందా, ఆనాటి సంఘటన తెలియకపోతే అర్థం కాదా, ఇవన్నీ రాసుకోవాలి. విసుగు పుట్టించే పనే. కానీ చివరి రెండు గడులు నింపేసరికే సగం టపాలు వాటంతటవే పక్కకి తప్పుకుంటాయి.

ఎంపికలో జనం చేసే పెద్ద పొరపాటు వ్యాఖ్యల సంఖ్యని కొలబద్దగా తీసుకోవడం. ఎక్కువ వ్యాఖ్యలు వచ్చేది వివాదాలకి, శుభాకాంక్షలకి, ఆ వారం అందరూ మాట్లాడుకుంటున్న విషయానికి. వీక్షణల లెక్క ఇంకా మోసం. శీర్షికలోని ఏదో ఒక మాట కోసం సెర్చ్ చేస్తూ వచ్చి, పది సెకన్లలో వెళ్ళిపోయినవాళ్ళు కూడా అందులో ఉంటారు. నేను నమ్మిన పరీక్ష వేరు. పది టపాలు తీసుకుని తేదీలు, లింకులు, వ్యాఖ్యలు తీసేసి కాగితం మీద ప్రింటు చేసి, బ్లాగు ఎన్నడూ చదవని ముగ్గురికి ఇవ్వాలి. అభిప్రాయం అడగొద్దు, మొహమాటానికి బాగుందంటారు. ఎక్కడ ఆగిపోయారో, ఏది అర్థం కాలేదో పెన్సిలుతో గీత పెట్టమంటే చాలు. ముగ్గురూ ఒకేచోట గీత పెడితే తప్పు టపాలో ఉంది, ఒక్కరే పెడితే అది ఆ మనిషి అభిరుచి. పాత చదువరులకి ఇస్తే ఈ పరీక్ష పనిచెయ్యదు. వాళ్ళు ఖాళీలను తమకి తెలిసినదానితో పూరించుకుంటారు.

ఈ జల్లెడలో నాకు మూడింట ఒక వంతు మిగిలాయి. మీకు అంతకన్నా ఎక్కువ మిగిలితే ఒకసారి అనుమానించండి.

మిగిలినవాటిని యథాతథంగా వెయ్యడానికి వీల్లేదు. "చాలా రోజులైంది ఇటువైపు వచ్చి" లాంటి మొదలు, "మరి మీరేమంటారు?" లాంటి ముగింపు ముందు కొట్టెయ్యాలి. చాలా టపాల్లో అసలు మొదలు రెండో పేరాలో ఉంటుంది. "నిన్న", "మొన్నటి వారం", "ఈమధ్య" అన్నవి కాలాన్ని చెప్పే మాటలుగా మార్చుకోవాలి, లేదా తీసెయ్యాలి. "వివరాలు ఇక్కడ" అని లింకు ఇచ్చినచోట ఆ లింకు అవతల ఉన్న సంగతిని ఒకటి రెండు వాక్యాల్లో లోపలికి తెచ్చుకోవాలి. అలా తేలేకపోతే ఆ పేరా లింకు మీద బతుకుతోందని అర్థం. స్మైలీలు పోతాయి, వాటితో పాటు హాస్యం కూడా పోయిందేమో చూసుకోవాలి. వాక్యం చివర నవ్వు బొమ్మ ఉంటే తప్ప వెటకారం అని తెలియని వాక్యాలు బ్లాగుల్లో బోలెడు. వాటిని తిరగరాయక తప్పదు.

పునరుక్తి ఇంకో తలనొప్పి. బ్లాగులో ఆరునెలలకోసారి అదే మాట చెప్పినా ఎవరికీ పట్టదు, అప్పటికి కొత్తవాళ్ళు వచ్చి ఉంటారు. పుస్తకంలో ఆ రెండింటి మధ్యా ఇరవై పేజీలే ఉంటాయి. ఇష్టమైన సామెత, అలవాటైన ఉపమానం, పదేపదే గుర్తుచేసుకునే మనిషి, ఇలాంటివన్నీ ఒక కాగితం మీద రాసుకుని మొత్తం ఫైలులో వెతికితే ఎన్నిసార్లు వచ్చాయో తెలుస్తుంది. ఆ సంఖ్య చూసి సిగ్గుపడని బ్లాగరు నాకు తెలిసి లేరు.

వరస తేదీల ప్రకారం ఉండక్కర్లేదు. ఉండకపోవడమే మంచిది. బ్లాగు నుంచి పుస్తకానికి వెళ్ళి నిలబడినవాటిని చూస్తే ఒకటి కనిపిస్తుంది. జూలీ పావెల్ ఒకే వంట పుస్తకంలోని 524 వంటకాలను ఏడాదిలో వండుతానని 2002లో బ్లాగు మొదలుపెట్టారు. అది 2005లో పుస్తకమై, బ్లాగుల నుంచి పుట్టిన పుస్తకాలకిచ్చే బ్లూకర్ బహుమతిని 2006లో, ఆ బహుమతి మొదలైన ఏడాదే, అందుకుంది. ఆండీ వియర్ అంగారకుడి మీద చిక్కుకున్న వ్యోమగామి కథను తన సైటులో విడతలుగా రాసి, 2011లో తనే ఈబుక్‌గా పెట్టుకున్నారు. పెద్ద ప్రచురణ సంస్థ ద్వారా అచ్చులో వచ్చింది 2014లో. ఇద్దరి రచనల్లోనూ దేనికది మొదటి నుంచి చివరిదాకా ఒక్కటే దారం మీద నడుస్తుంది. విడివిడి టపాల సంకలనానికి ఆ దారాన్ని మనమే వెతికి పట్టుకోవాలి, అది విషయం కావచ్చు, ఒక వయసు కావచ్చు, ఒక ప్రశ్న కావచ్చు. ఏదీ దొరక్కపోతే ఇంకా పుస్తకం వేళ కాలేదన్నమాట. దాన్ని ముందుమాటతో కప్పిపుచ్చలేం.

హక్కుల సంగతి చాలామంది ఆఖర్న చూస్తారు, ముందే చూడాలి. మీరు రాసినదానికి రాసిన క్షణం నుంచే కాపీరైట్ మీది. రచనల హక్కుల మీద దేశాలు చేసుకున్న బెర్న్ ఒప్పందంలో ఉన్న దేశాల్లో దానికి రిజిస్ట్రేషన్ అక్కర్లేదు. చిక్కంతా మీరు రాయనివాటితోనే. సెర్చ్‌లో దొరికిన బొమ్మ, నాలుగు లైన్ల పాట, ఎవరిదో కవిత, అతిథి రాసిన టపా, ఇవేవీ మీవి కావు. వ్యాఖ్యలు కూడా అంతే. మీ బ్లాగు కింద ఉన్నంత మాత్రాన అవి మీ సొత్తు కావు, రాసినవాళ్ళవి. వెయ్యాలనుకుంటే ఒక్కొక్కరినీ అడిగి రాతపూర్వకంగా అనుమతి తీసుకోవాలి. మెయిల్ కాపీ దాచుకుంటే చాలు. కానీ అందులో "అచ్చు, ఈబుక్, అనువాదాలు" అని మూడూ ఉండాలి, లేకపోతే ఈబుక్ వేసే రోజున మళ్ళీ అడగాల్సి వస్తుంది. మారుపేరుతో వ్యాఖ్య రాసి మాయమైనవాళ్ళు దొరకరు. అలాంటప్పుడు ఆ వ్యాఖ్య వదిలెయ్యడమే. పాటల చరణాల జోలికి వెళ్ళకపోవడం మేలు, పాట పేరు చెబితే సరిపోతుంది. ఇక నిజమైన మనుషుల గురించి రాసిన టపాలు. బ్లాగులో ఎవరైనా నొచ్చుకుంటే ఆ రాత్రికే తీసెయ్యొచ్చు. అచ్చయిన ప్రతులను వెనక్కి తెచ్చుకోలేం. అలాంటివాటిలో పేరు మార్చితే సరిపోదు, ఉద్యోగం, వీధి, చుట్టరికం కలిపి చూస్తే తెలిసినవాళ్ళు ఇట్టే పోల్చుకుంటారు.

పత్రికలకి పంపే ఆలోచన ఉంటే ఒకటి తెలుసుకోవాలి. చాలా పత్రికలు బ్లాగులో వచ్చినదాన్ని ముందే ప్రచురితమైనట్టు లెక్కేస్తాయి. పంపేముందు టపాని తొలగించినా లాభం లేదు, పాత వెబ్ పేజీలను దాచిపెట్టే ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో కాపీ ఉండొచ్చు, సెర్చ్‌లో తేలొచ్చు. పైగా దాచి పంపినట్టవుతుంది. పత్రికలకి కొత్తది రాసి పంపడమే దారి. పుస్తక ప్రచురణకర్తలు ఈ విషయంలో అంత పట్టుపట్టరు. ఎంత భాగం బ్లాగులో వచ్చిందో, ఎంత కొత్తదో చెబితే చాలు. నా వరకు నాలుగో వంతు అయినా కొత్తగా రాయాలి. బ్లాగంతా చదివినవాళ్ళు కొని చదివినప్పుడు వాళ్ళకంటూ ఏదో దొరకాలి కదా. ఈబుక్ దగ్గర ఇంకో మెలిక ఉంది. అమెజాన్‌లో కేడీపీ సెలెక్ట్ అనే పథకంలో చేరితే 90 రోజులు డిజిటల్ రూపంలో ఆ పుస్తకం ఇంకెక్కడా ఉండకూడదు, నమూనాగా 10 శాతం దాకా మాత్రమే ఉండొచ్చు. అదే పాఠం బ్లాగులో ఉంటే నియమం తప్పినట్టే. చేరకుండా మామూలుగా అమ్ముకుంటే ఈ బెడద లేదు. మీ భాషకి అక్కడ అనుమతి ఉందో లేదో ముందు జాబితాలో చూసుకోండి.

ప్రచురణకర్తకి పంపేటప్పుడు "నా బ్లాగు లింకు ఇదిగో, వీలున్నప్పుడు చూడండి" అని రాసినవాటికి జవాబు రాకపోవడంలో వింత లేదు. ఏరుకునే పని వాళ్ళ మీద పెట్టినట్టు అది. ఒక పేజీ ఉత్తరంలో పుస్తకం దేని గురించి, ఎవరు చదువుతారు, ఎన్ని మాటలు, ఎంత కొత్తది అన్నవి ఉండాలి. దానితో విషయసూచిక, వరసగా మూడు అధ్యాయాలు. అక్కడోటి ఇక్కడోటి ఏరిన మూడు కాదు, వరసగా వచ్చేవి. ఒకదాన్నుంచి ఇంకోదానికి నడక ఎలా ఉందో సంపాదకులు చూసేది అక్కడే. ఫైలు ఒక్కటే ఉండాలి, పేజీ నంబర్లతో, వరసల మధ్య రెట్టింపు ఎడంతో. బ్లాగు నుంచి నేరుగా కాపీ చేస్తే ఫార్మాటింగ్ చెత్త కూడా వెంట వస్తుంది. ముందు నోట్‌ప్యాడ్‌లో అతికించి, అక్కణ్ణుంచి వర్డ్‌లోకి తెస్తే ఆ పీడ వదులుతుంది. ఒకేసారి ఇద్దరు ముగ్గురికి పంపొచ్చా లేదా అన్నది వాళ్ళ నియమాల్లో ఉంటుంది. పంపితే ఆ మాట ఉత్తరంలోనే చెప్పెయ్యాలి. జవాబుకి నెలలు పడుతుంది. మూడు నెలలకి ఒకసారి గుర్తుచెయ్యడం మర్యాదే, మూడు రోజులకోసారి కాదు.

ఒప్పందం చేతికి వచ్చినప్పుడు సంతోషంలో చదవకుండా సంతకం పెట్టే ప్రమాదం ఉంది. అన్నిటికన్నా ముందు చూడాల్సింది రాయల్టీ ఎంత శాతం అని కాదు, దేని మీద శాతం అని. పుస్తకం ధర వంద అనుకుందాం. ముఖవిలువ మీద 10 శాతమంటే ప్రతికి పది. ప్రచురణకర్తకి చేరిన మొత్తం మీద 10 శాతమంటే లెక్క వేరు. దుకాణానికి సగం తగ్గింపుతో ఇస్తే చేరేది యాభై, మీకొచ్చేది ఐదు. రెండు ఒప్పందాల్లోనూ కనిపించేది అదే 10 శాతం. లెక్కలు ఏడాదికి ఎన్నిసార్లు పంపుతారో, అమ్ముడైన ప్రతుల సంఖ్య అందులో ఉంటుందో లేదో కూడా రాసి ఉండాలి.

ఆ తరవాత హక్కులు. అచ్చు ఒక్కటేనా, ఈబుక్, ఆడియో, అనువాదం, సినిమా కూడానా? వాళ్ళు చెయ్యలేనివాటి హక్కులు వాళ్ళకెందుకు? హక్కులు తిరిగి మీకు ఎప్పుడొస్తాయన్న షరతులో "ప్రతులు అయిపోయాక" అని ఊరికే ఉంటే జాగ్రత్తపడాలి. అడిగినప్పుడల్లా ఒక్కో ప్రతి అచ్చువేసే పద్ధతి వచ్చాక ప్రతులు అయిపోవడమంటూ ఉండదు. ఏడాదిలో ఇన్ని ప్రతుల కన్నా తక్కువ అమ్మితే హక్కులు తిరిగొస్తాయని అంకె వేయించుకోవాలి. బ్లాగర్లకి ప్రత్యేకంగా కావాల్సిన షరతు ఇంకోటుంది. పుస్తకంలోకి వెళ్ళిన టపాలను బ్లాగులో ఉంచొచ్చా, తియ్యాలా, ఎన్ని ఉంచొచ్చు? మామూలు ఒప్పంద పత్రంలో ఈ ఊసే ఉండకపోవచ్చు, మనమే అడగాలి. తరవాతి పుస్తకం కూడా ముందు తమకే చూపించాలన్న షరతు ఉంటే దానికి గడువు రాయించుకోండి.

అచ్చు ఖర్చు మీరే పెట్టుకోవాలని అంటే అది ప్రచురణ కాదు, ముద్రణ సేవ. అందులో తప్పేం లేదు, దాన్ని ఆ పేరుతోనే పిలవాలి. అప్పుడు డీటీపీ (కంప్యూటర్‌లో పేజీలు కూర్చడం), అట్ట, అచ్చు, ప్రూఫులు, పంపిణీ విడివిడిగా ఎంతో చూపమనాలి. పేజీలు కూర్చిన అసలు ఫైలు ఎవరిదో, ఐఎస్‌బీఎన్ (పుస్తకాన్ని గుర్తించే అంతర్జాతీయ సంఖ్య) ఎవరి పేరు మీదో రాతలో ఉండాలి. డబ్బు మీదై ఉండి ఫైలు వాళ్ళదైతే రెండో ముద్రణకి మళ్ళీ వాళ్ళ గడపే తొక్కాలి.

సొంతంగా వేసుకునేవాళ్ళకి కొన్ని లెక్కలు. డెమీ సైజు (మామూలుగా నవలలు వచ్చే సైజు) పేజీలో తెలుగు మాటలు 200 నుంచి 250 దాకా పడతాయి. ఆరువందల మాటల టపాలు నలభై అంటే 24,000 మాటలు, దాదాపు 110 పేజీలు. లోపలి అట్ట పేజీలు, విషయసూచిక, ముందుమాట కలిపితే 120 దాటుతుంది. పెద్ద కాగితం మీద రెండువైపులా కలిపి సాధారణంగా 16 పేజీలు పడతాయి, దాన్నే ఫారం అంటారు. ఎనిమిది ఫారాలంటే 128 పేజీలు, అక్కడికి సరిపెట్టుకోవాలి. 130 అయిందంటే రెండు పేజీల కోసం ఇంకో ఫారం మొదలైనట్టే, లేదా చివర్న తెల్ల పేజీలు మిగిలినట్టే. కాగితం ఒక్కో ఆకు మందం అటూఇటూగా 0.1 మిల్లీమీటరు. 128 పేజీలంటే 64 ఆకులు, వెన్ను ఆరున్నర మిల్లీమీటర్లు. అట్ట వేసే మనిషికి పేజీల సంఖ్య ఖాయం కాకముందే ఫైలు చెయ్యమంటే, వెన్ను మీద ఉండాల్సిన పేరు పక్కకి జారుతుంది. ఐఎస్‌బీఎన్ 2007 జనవరి 1 నుంచి 13 అంకెలు. పేపర్‌బ్యాక్‌కి, గట్టి అట్టకి, ఈబుక్‌కి దేనికదే. మార్పుల్లేని పునర్ముద్రణకి కొత్తది అక్కర్లేదు.

బొమ్మలు తెర మీద మెరిసిపోయి అచ్చులో మసకబారడానికి కారణం రిజల్యూషన్. అచ్చుకి అంగుళానికి 300 చుక్కలు కావాలి. బ్లాగు కోసం 600 పిక్సెళ్ళ వెడల్పుకి కుదించిన ఫొటో రెండంగుళాలకి మించి పనికిరాదు. సాఫ్ట్‌వేర్‌లో పెద్దది చేస్తే చుక్కలు సాగుతాయి తప్ప వివరం రాదు. కెమెరాలోని మూల ఫైలు వెతుక్కోవాల్సిందే. అట్ట బొమ్మ కత్తిరింపు గీతకి బయట నలువైపులా 3 మిల్లీమీటర్లు పొడిగించాలి, లేకపోతే కత్తి ఒక్క వెంట్రుకవాసి జరిగినా తెల్లగీత పడుతుంది.

అసలు ఇబ్బంది లిపిది. మనం బ్లాగులో రాసేది యూనికోడ్, అంటే ప్రతి అక్షరానికీ అన్ని కంప్యూటర్లలోనూ ఒకటే సంకేతం ఉండే పద్ధతి. చాలా డీటీపీ కేంద్రాలు వాడే పాత ఫాంట్లు తెలుగు ముక్కలను ఇంగ్లీషు అక్షరాల స్థానాల్లో కూర్చుకున్నవి. ఒకదాన్నుంచి ఇంకోదానికి మార్చే సాధనాలున్నాయి గాని నూటికి నూరు పాళ్ళు సరిగ్గా చెయ్యవు. క్రావడి, వట్రసుడి, మూడు హల్లులు కలిసే ఒత్తులు దెబ్బతింటాయి. "సాఫ్ట్‌వేర్" లాంటి మాటలో ట కింద వ ఒత్తు పడకుండా ఆపే కనబడని అక్షరం ఉంటుంది, మార్పిడిలో అది పోయి "సాఫ్ట్వేర్" అవుతుంది, లేదా దాని స్థానంలో డబ్బా గుర్తు వస్తుంది. మధ్యలోని ఇంగ్లీషు మాటలు, అంకెలు తెలుగు పిచ్చిరాతలుగా మారతాయి. వీలైతే యూనికోడ్‌లోనే పేజీలు కూర్చమనండి. పేజీలు కూర్చే సాఫ్ట్‌వేర్ ఇన్‌డిజైన్‌లో వరల్డ్ రెడీ కంపోజర్ అనే అమరిక ఎంచుకోకపోతే ఒత్తులు విడిపోయి పొల్లులు కనిపిస్తాయి, ఎంచుకుంటే కుదురుతాయి. పాత ఫాంట్లు తప్పవంటే, పైన చెప్పిన అక్షరాలన్నీ వచ్చేలా ఒక పేజీ తయారుచేసి ముందు దాన్ని మార్పించి చూడాలి. అక్కడ తేలిన తప్పులు పుస్తకమంతటా ఉన్నట్టే.

ప్రూఫులు మూడుసార్లు చూడాలి, మూడుసార్లూ ఒకేలా కాదు. మొదటిసారి రాతప్రతి పక్కన పెట్టుకుని మాట మాటా పోల్చాలి. రెండోసారి శీర్షికలు, పేజీ అంకెలు, విషయసూచిక మాత్రమే. సూచికలో ఒక అంకె, లోపల ఇంకో అంకె ఉండటం అతి మామూలు తప్పు. మూడోసారి రాసినవాళ్ళు కాకుండా ఇంకొకరు చదవాలి, మన కన్ను ఉన్నది కాక ఉండాల్సింది చదువుతుంది. దిద్దిన ప్రతిచోటా ఆ పేరా చివరిదాకా మళ్ళీ చూడాలి. ఒక మాట పెరిగితే వరసలు జరిగి, కొత్త తప్పు నాలుగు వరసల కింద పుడుతుంది.

ఎన్ని ప్రతులన్నదానికి బ్లాగు అనుచరుల సంఖ్య ఆధారం కాదు. కొంటారని పేరు పెట్టి చెప్పగలిగినవాళ్ళ జాబితా రాసుకుంటే అసలు లెక్క తేలుతుంది. ప్లేట్లు తయారుచేసి అచ్చువేసే ఆఫ్‌సెట్‌లో ఆ ప్లేట్ల ఖర్చు మొదటే పడుతుంది కాబట్టి సంఖ్య పెరిగేకొద్దీ ఒక్కో ప్రతికి అయ్యే ఖర్చు తగ్గుతుంది. ఆ ఆశతోనే వెయ్యి వేయించి ఇంట్లో అట్టపెట్టెల మధ్య తిరుగుతుంటారు. ప్లేట్లు లేని డిజిటల్ ముద్రణలో ఒక్కో ప్రతికి ఖర్చు కొంచెం ఎక్కువే, కానీ వందతో మొదలుపెట్టొచ్చు.

పుస్తకంలోకి రానివాటిని ఏం చెయ్యాలంటే, ఏమీ చెయ్యక్కర్లేదు. మారుతుండే సమాచారం ఉన్నవి, వీడియోలతో వివరించినవి, కింద జరిగిన చర్చే ప్రాణమైనవి బ్లాగులోనే బాగుంటాయి. అక్కడ వాటిని ఎప్పటికప్పుడు సరిదిద్దొచ్చు. పుస్తకం వచ్చాక బ్లాగుకి ఇంకో ఉపయోగం కూడా ఉంది, తప్పొప్పుల పట్టిక పెట్టడానికి అంతకన్నా మంచి చోటు లేదు. పేజీ, పైనుంచి ఎన్నో వరస, ఉన్నది, ఉండాల్సింది అని నాలుగు గడులు గీసి, చదువరులు పంపే తప్పులు వచ్చినవి వచ్చినట్టు అందులో చేర్చుకుంటూ పోతే, రెండో ముద్రణ నాటికి దిద్దుబాటు ప్రతి సిద్ధంగా ఉంటుంది.